ఒక్క కుర్చీ వేసిన గది

డిసెంబరు 2

ఈరోజు నుంచి కొట్లో సెలవుల అమ్మకాలు. ఓనరు పొద్దున్నే వచ్చి, పక్క కొట్టు ఫ్రేముల బాబాయ్‌తో మాట కుదిరిందని చెప్పాడు. మా కొట్టుకూ ఆయన కొట్టుకూ మధ్యనున్న రేకు తలుపు ఈ నెలంతా తెరిచే ఉంటుంది. ఇటు స్పీకర్లు, రికార్డ్ ప్లేయర్లు, హెడ్‌ఫోన్లు. అటు బొమ్మలు, ఫ్రేములు. బయట ఒకటే బోర్డు. పాటల పిచ్చి ఉన్నవాళ్ళకూ బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళకూ ఏం కానుక ఇవ్వాలో మేం చెబుతాం అని రాయించాడు. ఆ చెప్పేది నేనేనట.

"నాకు నోరు తప్ప చెవుల్లేవు. నీకు చెవులు తప్ప నోరు లేదు. ఈ నెల రోజులూ కాస్త నోరు తెరువు" అన్నాడు ఓనరు.

ఇదివరకు రోజు లెక్క రాసి పుస్తకం మూశాక, కొట్లో జరిగినవి ఒకటో రెండో మా ఆవిడకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు మిగిలిన సగం పేజీలో రాస్తున్నాను.

ఆమె వాళ్ళక్క ఇంటికి వెళ్ళి ఇది మూడో నెల. అక్కకు ఒంట్లో బాగాలేదని వెళ్ళింది. అక్కకు ఇప్పుడు బాగానే ఉంది.

డిసెంబరు 4

జనం బాగానే వస్తున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, వాళ్ళాయన పాత రికార్డులు వింటాడు, ఏమిస్తే బాగుంటుందని అడిగింది. కొత్త ప్లేయర్ కొనిపించాలని ఓనరు కళ్ళతో సైగ చేస్తున్నాడు. నేను ఎవరినైనా ముందు అడిగేది ఒకటే, వినేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని. కిటికీ పక్కన పడక కుర్చీలోనట. ప్లేయర్‌కు ముల్లు మార్చి ఎన్నాళ్ళయిందని అడిగాను. ముల్లు మారుస్తారన్న సంగతే ఆవిడకు తెలియదు. అరిగిన ముల్లు పాట వినిపిస్తూనే రికార్డును గీకేస్తుంది. మంచి ముల్లొకటి, రికార్డులు తుడిచే మెత్తటి బ్రష్షొకటి ఇచ్చాను. ఆయన ఆనందపడతాడు.

అటువైపు నుంచి ఫ్రేముల బాబాయ్, "మరి ఆయన వింటుంటే తమరెక్కడ కూర్చుంటారమ్మా?" అన్నాడు.

"నేనా? నాకు కూర్చునే తీరికెక్కడిది బాబాయ్ గారూ" అని ఆవిడ నవ్వింది.

బొమ్మలు ఇష్టపడేవాళ్ళకు ఏమివ్వాలని ఎవరొచ్చినా బాబాయ్ ఒకటే చెబుతున్నాడు. కొత్త బొమ్మ కొనొద్దు, ఇంట్లో చుట్టి పడేసిన బొమ్మ ఏదో ఒకటి ఉంటుంది, అది తెండి, దానికి ఫ్రేము కట్టించి ఇవ్వండి, అంతకు మించిన కానుక లేదు అని. తన బేరం తాను చూసుకుంటున్నాడు. అయినా మాట మంచిదే.

డిసెంబరు 5

ఆమె ఫోను చేసింది. ఇరవై నాలుగు నుంచి బడికి సెలవులట, ఆరోజే వస్తానంది. తోడల్లుడి వ్యాను వేసుకుని వస్తుందట. నేను ఇంట్లోనే ఉంటానా అని అడిగింది. ఉంటానన్నాను. ఇంకా ఏదో అనబోయి, సరే ఉంటానంది.

మూడు నెలల్లో అక్కడ ఆమె సామాను చాలానే చేరి ఉంటుంది. బట్టలు, బడి పిల్లల డ్రాయింగు పుస్తకాలు. అవన్నీ వెనక్కి తేవాలంటే వ్యాను కావాల్సిందే.

డిసెంబరు 6

ఇరవై నాలుగో తేదీకి సెలవు అడిగాను. ఓనరు ఇచ్చాడు. ఎందుకని అడగలేదు.

డిసెంబరు 8

ఊళ్ళో అందరికీ కానుకలు చెప్పేవాణ్ణి. ఆమెకు ఏమివ్వాలో తేలడం లేదు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళకుండా రంగుల కొట్టుకు వెళ్ళాను. ఆమె డ్రాయింగు టీచరు. సాయంత్రాలు ఇంట్లో తన కోసం వేసుకునేది. మా ఆవిడకు రంగులు కావాలన్నాను. కొట్టతను నీటి రంగులా, నూనె రంగులా అన్నాడు. ఆలోచించాను. వంటింట్లో ఏదో వాసన వచ్చేది గాని, అది రంగుల వాసనో కిరోసిన్ వాసనో ఏనాడూ అడగలేదు. పోనీ మేడమ్ ఎంత సైజు బొమ్మలు వేస్తారు అన్నాడు. చేతులు చాచి చూపించాను. చూపించాక అది చాలా పెద్దదనిపించి కొంచెం దగ్గరకు తెచ్చాను. అతను ఓపిక ఉన్నవాడే. మేడమ్‌నే తీసుకురండి సార్, ఆవిడ చూసుకుంటారు అన్నాడు.

కుంచె ఒకటి కొన్నాను. ఊరికే రావడం బాగుండదని.

డిసెంబరు 9

హెడ్‌ఫోన్లు ఇద్దామా అనుకున్నాను. మంచివి వచ్చాయి, చెవుల మీద బరువే తెలియదు. కానీ ఆమె పాటలు నాతోనే వినేది. వేరుగా వినాల్సిన పని ఏముంది.

మా ముందు గది వినడానికే. ఆ గది కోసమే ఈ ఇల్లు తీసుకున్నాను. స్పీకర్లు రెండూ నేను చేసినవే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాను. వాటికీ కుర్చీకీ మధ్య దూరం వేళ్ళతో కొలిచి పెట్టాను. ఆ కుర్చీలో కూర్చుంటే పాడే మనిషి సరిగ్గా ఎదురుగా, రెండు స్పీకర్ల నడుమ నిలబడి పాడినట్టుంటుంది. ఒక జానెడు పక్కకు జరిగితే ఆ మనిషి ఉండడు. అందుకని కుర్చీ ఒకటే. గోడల నిండా నురుగు పలకలు అంటించాను, గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా.

పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక గోడ అడిగింది. ఒకటి చాలు, బొమ్మలు పెట్టుకుంటానంది. ఏ గోడ ఇచ్చినా శబ్దం చెడుతుంది. విడమరిచి చెప్పాను. అర్థం చేసుకుంది. మళ్ళీ అడగలేదు.

డిసెంబరు 11

వదిన, అంటే వాళ్ళక్క, ఫోను చేసింది. ఇరవై నాలుగున తోడల్లుడు రాలేడట, వ్యాను డ్రైవరే తీసుకొస్తాడట. మీరు కూడా రండి వదినా, అందరం భోంచేద్దామన్నాను.

"వచ్చి ఎక్కడ కూర్చోమంటారు మరిదిగారూ? మీ ఇంటికొస్తే నిలబడి మాట్లాడి, నిలబడే వచ్చేయాలి. నా మోకాళ్ళకు అంత బలం లేదు" అంది.

వదిన మొదటి నుంచీ హాస్యగత్తె. నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తర్వాత గొంతు తగ్గించి, "చెల్లి వచ్చినప్పుడు దాని మాట వినండి. మీరేమీ చెప్పకండి" అంది. మోటారు రిపేరు వాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది.

నేను ఎక్కువ మాట్లాడనని వదినకు తెలుసు. అయినా చెప్పింది.

డిసెంబరు 12

దొరికింది.

ఫ్రేముల బాబాయ్ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది, ఇంట్లో చుట్టి పడేసిన బొమ్మ అని. అటక మీద ఆమె చుట్టి పెట్టిన కాన్వాసు గుడ్డలున్నాయి. నిచ్చెన వేసుకుని ఎక్కాను. చాలా ఉన్నాయి. అన్ని ఉన్నాయని నేను అనుకోలేదు. ఒక్కొక్కటే విప్పి చూశాను. వంటింటి కిటికీ, వాళ్ళక్క, బడి మెట్ల మీద పిల్లలు. ఒక దానిలో ఉత్త గ్యాసు పొయ్యి.

అడుగున ఉన్నది పెద్దది. దాన్ని విప్పి అటక మీదే కూలబడ్డాను. మట్టి రంగు వెలుగు. నడుమ నల్లటి పెద్ద ఆకారం, ఇంచుమించు పెట్టెలా. అందులో పక్కపక్కనే రెండు సుడులు, లోపలికి తిరుగుతూ. రెండు అంచుల్లో నిలువునా చెక్క రంగు పట్టీలు.

స్పీకర్లు. నా స్పీకర్లను బొమ్మ వేసింది. రెండు సుడులూ శబ్దం పుట్టించే రెండు గుండ్రటి కోన్లు, పట్టీలు పెట్టె చెక్క. సరిగ్గా వేయలేదు, కోన్లు అంత దగ్గరగా ఉండవు. అయినా ఎంతసేపు చూసి ఉంటే అలా వేయగలదు. కింద ఎర్రటి ముక్క ఒకటి ఎందుకు వేసిందో తెలియలేదు. మా స్పీకర్లలో ఎరుపు ఎక్కడా లేదు.

నాకు ఎప్పుడూ చెప్పలేదు. నా పని మీద ఆమెకు మనసు లేదని నేనొక్కోసారి అనుకునేవాణ్ణి.

డిసెంబరు 13

కానుక ఏమిటో తేలిపోయింది. ఆ బొమ్మే నా స్పీకర్లకు ముందు గుడ్డ, కోన్లను కప్పేది. ఎడమ సగం ఎడమదానికి, కుడి సగం కుడిదానికి. ఒక్కో సుడి ఒక్కో కోను మీదికి వచ్చేలా. ఆమె గోడ అడిగింది, నేను ఇవ్వలేకపోయాను. ఇప్పుడు ఆ గదిలో అన్నిటికన్నా ముందు కనబడేది ఆమె బొమ్మే. రోజూ పాట ఆమె బొమ్మలోంచి వస్తుంది. ఆమెదీ నాదీ ఒకటే వస్తువు అవుతుంది.

బాబాయ్‌కి కొలతలిచ్చి రెండు పల్చటి చట్రాలు చేయమన్నాను. ఏ బొమ్మకయ్యా అన్నాడు. చెప్పలేదు. ముందే చెబితే ఆ కొట్లోంచి ఈ కొట్లోకి వచ్చి అందరికీ చెబుతాడు.

డిసెంబరు 15

కోశాను. కొత్త బ్లేడు, ఉక్కు స్కేలు. సరిగ్గా రెండు సుడుల నడుమ నుంచి.

డిసెంబరు 16

శబ్దం రావడం లేదు.

మామూలు ముందు గుడ్డ పల్చగా ఉంటుంది, గాలి ఆడుతుంది. ఇది రంగు పట్టిన గుడ్డ, అట్టలా ఉంది. దుప్పటి కప్పుకుని ఎవరో పాడుతున్నట్టుంది. ముందే తట్టాల్సింది. వెనకవైపు రంగు గీకి చూశాను, లాభం లేదు.

రంధ్రాలు పెట్టాలి. సన్నటి సూదితో, దగ్గర దగ్గరగా. దూరం నుంచి చూస్తే కనబడవు. బొమ్మ బొమ్మలాగే ఉంటుంది.

డిసెంబరు 17

గుచ్చుతున్నాను.

డిసెంబరు 18

కొట్లో జనం. హోటల్లో వాయించే కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి తమ గురువుకు ఏమివ్వాలన్నారు. గురువు ఎలా ఉంటాడని అడిగాను. కోపిష్టి, ఎవరు ఏమిచ్చినా వంక పెడతాడు అన్నారు. అయితే ఏమీ ఇవ్వకుండా ఆయన దగ్గర కూర్చుని ఒక సాయంత్రం ఆయన వాయిస్తే వినండి అని బాబాయ్ అటు నుంచి అన్నాడు. బేరం పోగొట్టాడని ఓనరు ఆయన మీద ఎగిరాడు.

ఇంటికొచ్చి గుచ్చాను. కుడి సగం అయింది.

డిసెంబరు 20

ఆమె వచ్చేసరికి మనిషిలా కనబడాలని మంగలి దగ్గరికి వెళ్ళాను. వెనక జుట్టు దిగడం లేదని విసుక్కున్నాడు.

"రెండు సుడులు సార్ మీకు. రెండో పెళ్ళి రాసి పెట్టి ఉంది" అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా ఇదే అనేది. నా వెనక నిలబడి జుట్టులో వేలు తిప్పుతూ, రెండోదాన్ని ఎప్పుడు తెస్తున్నారు, ముందే చెబితే ఇంకో కంచం కొంటాను అనేది. ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు.

డిసెంబరు 21

రెండూ అయ్యాయి. బిగించి విన్నాను.

ఇంత బాగా ఇదివరకెప్పుడూ లేదు. గొంతులో ఉండే చిన్న గరుకు ఏదో ఆ గుడ్డ తీసేస్తోంది. గాయని నా ఎదురుగా నిలబడి, నా కోసమే పాడుతున్నట్టుంది. ఆమె వచ్చాక చెబుతాను, నీ బొమ్మ వల్లే అని.

ఇల్లు తుడిచాను. వంటింట్లో డబ్బాలు ఆమె పెట్టే వరసలో పెట్టాను. రెండు తేడాగా ఉన్నాయేమో.

డిసెంబరు 22

ఎడమ చట్రం ఒక మూల వదులైంది. రెండూ సంచిలో పెట్టుకుని బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంక చెబితే ఏంలే అనుకున్నాను.

ఆయన రెండింటినీ బల్ల మీద ఆనించి పక్కపక్కన చేర్చాడు. బొమ్మ ఏదైనా ఆయన దూరం నుంచే చూస్తాడు. రేకు తలుపు దాకా వెనక్కి నడిచి, అక్కడ నిలబడి పకపకా నవ్వాడు.

"ఓరి నీ, నీ తలకాయే కదయ్యా ఇది."

నాకు అర్థం కాలేదు. స్పీకర్లు అన్నాను.

"స్పీకర్లేమిటి నీ మొహం. వెనక నుంచి నీ తల. ఇవిగో నీ రెండు సుడులు, రోజూ నా ముందు వంగి పని చేస్తావు, నాకు తెలియవా? ఇవి గుమ్మం చెక్కలు. నువ్వు కుర్చీలో కూర్చుంటే మీ ఆవిడ గుమ్మంలో నిలబడి వేసింది. ఆ చెవి చూడు, ఎంత ముద్దుగా వేసిందో" అంటూ దగ్గరికి వచ్చాడు.

దగ్గరికి వచ్చాక నవ్వడం ఆపేశాడు. వేలితో గుడ్డను తడిమాడు. ఒక చట్రం ఎత్తి వీధి వైపు పట్టాడు. గుడ్డ నిండా వెలుతురు చుక్కలు చుక్కలుగా పడింది.

వదులైన మూల బిగించి, రెండింటికీ కాగితం చుట్టి ఇచ్చాడు. కూలి తీసుకోలేదు.

నేను వచ్చేస్తుంటే, "ఆ అమ్మాయికి ఏం కావాలో అడిగావా?" అన్నాడు.

కానుకను ముందే అడిగి ఎవరైనా ఇస్తారా అన్నాను.

డిసెంబరు 23

కొట్టుకు వెళ్ళలేదు.

కుర్చీ వెనక్కి వెళ్ళి చూశాను. వీపు దగ్గర ఎర్ర గుడ్డ ముక్క వేసి కుట్టి ఉంది. చిరిగితే ఆమె కుట్టినట్టుంది. కుట్లు చాలా చిన్నవి. నేను ఎప్పుడూ కూర్చోవడమే గాని ఆ వైపు చూడలేదు.

గుడ్డను వెనక నుంచి అతికించవచ్చేమో. రంధ్రాల్లో రంగు నింపవచ్చేమో. ఏ రంగులో తెలియదు.

వంటింటి వైపు గోడకు ఉన్న పలకలన్నీ పీకేశాను. జిగురు గట్టిది, నేనే ఏరి తెచ్చింది. సున్నం పెచ్చులతో సహా ఊడింది. గోడ బాగా లేదు. కానీ గోడ ఉంది. మేకు కొట్టాను. ఒకటి వంకర పోయింది, ఇంకొకటి కొట్టాను.

డిసెంబరు 24

పొద్దున వచ్చింది. కొంచెం చిక్కింది. డ్రైవరు వ్యాను వెనక తలుపు తెరిచాడు. వ్యాను ఖాళీగా ఉంది. ఖాళీ అట్టపెట్టెలు మాత్రం ఉన్నాయి.

"జుట్టు కత్తిరించుకున్నారా" అంది.

అవునన్నాను.

వంటింట్లోకి వెళ్ళి, తన డబ్బాలు చూసి, రెండింటిని అటుదిటు మార్చి పెట్టింది. కానీ వాటిని పెట్టెలో పెట్టుకోలేదు. బీరువాలో బట్టలు పెట్టెల్లో సర్దింది. నేను పెట్టెలకు తాడు కట్టాను. వదిన వినమన్నది ఇదేనా అనుకుంటూ ఊరుకున్నాను. అక్క ఇంటి దగ్గరే చిన్న వాటా చూసుకున్నానని, బడికి దగ్గరని చెప్పింది. గోడలు తెల్లగా ఉన్నాయంది. కోపంగా చెప్పలేదు. వాన వస్తుందేమో అన్నట్టు చెప్పింది.

అటక మీది గుడ్డలు దింపుతానన్నాను. దింపాను. ఆమె ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసుకుని పెట్టెలో నిలబెట్టింది.

"పెద్దదొకటి ఉండాలి" అంది.

ముందు గదిలో ఉందన్నాను.

ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే. మొదట గోడను చూసింది. వెళ్ళి జిగురు మచ్చల మీద చెయ్యి పెట్టింది, మేకును పట్టుకు చూసింది.

"ఎప్పుడు తీశారు?"

"నిన్న."

తర్వాత స్పీకర్లను చూసింది. చాలాసేపు చూసింది. దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. కుడిదాని మీద, నా చెవి ఉన్నచోట. వేలి కింద రంధ్రాలు తగిలాయని తెలిసింది. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది, వేడి వస్తువు ముట్టుకున్నట్టు.

"ఇదేమిటనుకున్నారు?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. "స్పీకర్లనుకున్నాను. నన్నని తర్వాత తెలిసింది."

"ఎప్పుడు?"

"మొన్న. బాబాయ్ చెప్పాడు."

"నిన్న, మొన్న" అంది ఆమె. నవ్విందో ఏమో, మొహం అటు తిప్పి ఉంది.

నీకు కానుకగా చేశానని చెప్పాను. ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. "ఏదీ, పెట్టండి, వింటాను" అంది.

రికార్డు పెట్టాను. ఆమె ఎప్పటిలా గుమ్మం వైపు నడవబోతుంటే, కుర్చీ చూపించాను. కూర్చోమన్నాను. ఇంతకాలంలో ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం చూడలేదు. కాళ్ళు నేలకు పూర్తిగా ఆనలేదు. నేను నా ఎత్తుకు చేయించుకున్న కుర్చీ అది.

నేను నిలబడటానికి చోటు వెతుక్కున్నాను. గుమ్మమే దొరికింది.

పాట నడుస్తున్నంతసేపూ ఆమె కదల్లేదు. నాకు ఆమె తల వెనక భాగం మాత్రమే కనబడుతోంది. జడ కాదు, ముడి వేసుకుంది. ముడి కింద మెడ మీద చిన్న వెంట్రుకలు తెల్లబడ్డాయి. అవి ఎప్పుడు తెల్లబడ్డాయో నాకు తెలియదు. ఆమె వింటోందో, ఏడుస్తోందో, ఏమనుకుంటోందో అక్కడి నుంచి తెలియడం లేదు. అడుగుదామంటే పాట మధ్యలో ఉంది. పాట మధ్యలో మాట్లాడవద్దని చెప్పింది నేనే.

ముల్లు చివరికి వచ్చి కర్ కర్ మంటుంటే ఆమె లేచింది.

"చాలా బాగుంది. ఎదురుగా ఎవరో నిలబడి పాడినట్టే ఉంది" అంది. తర్వాత కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి అంది, "ఇక్కడ కూర్చుంటే నిజంగానే వెనక ఎవరున్నారో తెలియదండీ. మీరు కావాలని చూడటం లేదనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఉండిపొమ్మని అడగాలి. అడిగాను. ఏ మాటలతో అడిగానో రాయలేను, సగం సగం వచ్చాయి. ఆమె పూర్తిగా విన్నది. విని, నా చేతిలో తాడు ముక్క మిగిలి ఉంటే అది తీసుకుని, ముడులు విప్పి, చుట్ట చుట్టి బల్ల మీద పెట్టింది.

"ఉండలేనండీ" అంది.

స్పీకర్ల ముందు గుడ్డలు తీసి ఇవ్వనా అన్నాను. వద్దంది. కుట్టొద్దు, రంగు పూయొద్దు, అలాగే ఉంచండి అంది. కుంచె ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నీటి రంగులది, పిల్లలకు పనికొస్తుంది అని సంచిలో పెట్టుకుంది.

వ్యాను మూల తిరిగేదాకా నిలబడ్డాను.

డిసెంబరు 25

లెక్క లేదు.

డిసెంబరు 27

కొట్టు. సెలవుల బేరం అయిపోవచ్చింది. రెండు రేడియోలు రిపేరు. బాబాయ్ రెండుసార్లు టీ తెప్పించాడు. ఏమైందని అడగలేదు, తన కోడలి మీద చాడీలు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు.

డిసెంబరు 28

ఈరోజు అదే రికార్డు పెట్టి కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఇరవై నాలుగున ఆమెనే చూస్తూ ఉన్నాను, పాట చెవికి ఎక్కలేదు. ఈరోజు విన్నాను.

గుమ్మం కుర్చీకి వెనక, కుడివైపు మూలకు ఉంది, ఎడమ స్పీకర్‌కు బాగా దూరం. అక్కడికి వచ్చేది కుడిదొక్కటే. గాయని ఎదురుగా ఉండదు. ఎక్కడా ఉండదు. ఒక పెట్టెలోంచి సగం పాట వస్తుంది. వాయిద్యాలు కొన్ని అసలు వినబడవు. వేణువు అంతా ఎడమ వైపు ఉంది, అది ఆ చోటికి రానే రాదు.

ఊరందరినీ అడిగే మాట, వినేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని.

రోజూ పాట అయిపోయాక, వెనక్కి తిరగకుండానే ఎలా ఉందని అడిగేవాణ్ణి. బాగుందండీ అనేది. ప్రతిసారీ అనేది.

రికార్డు మళ్ళీ మొదటి నుంచి పెట్టి, గుమ్మంలోనే నేల మీద కూర్చుని విన్నాను. వేణువు రాలేదు.